కొబ్బరినూనె తాగిన పిస్తోలు

నేను ఒక గాలి పిస్తోలును. పిస్తోలు అనగానే అడుగు వెనక్కి వేయకండి, దగ్గరికి జరిగి కూర్చోండి. యాభై ఏళ్లకు దగ్గరపడుతున్న నా బతుకులో కాగితాన్ని తప్ప దేన్నీ చంపిన పాపాన పోలేదు. మరీ లెక్క తీస్తే ఒక పెంకు, ఒక ఊరగాయ జాడీ మూత, ఒక రిటైరైన అటవీ అధికారి పరువు. ఆ మూడింటి సంగతీ వరసలో వస్తుంది. నాకు చదువు లేదు. నా ఒంటి మీద ఏం చెక్కారో నాకే తెలియదు. కానీ నన్ను పట్టుకున్న చెయ్యి ఒక్కటి కూడా మరిచిపోలేదు. ఉల్లిపాయ వాసన చేతులు, సున్నం అంటిన చేతులు, పెళ్లి గోరింటాకు ఇంకా ఆరని చేతులు, అన్నీ గుర్తే.

పుట్టింది ఉత్తరాదిన, సైకిలు పంపులు చేసే ఒక రేకుల షెడ్డులో. అక్కడి మేస్త్రీ ఏదో కేలెండరులో విదేశీ పిస్తోలు బొమ్మ చూసి, ఇదేమంత బ్రహ్మవిద్య అనుకుని నన్ను చేశాడు. కేలెండరు కాగితం సరిగ్గా పిస్తోలు ముక్కు దగ్గర మడతపడి ఉందట. అందుకే నా ముక్కు ఇప్పటికీ కాస్త ఎడమకు పోతుంది. నా కడుపులో మందూ లేదు, మాయా లేదు. ఒక స్ప్రింగు, ఒక తోలు వాషరు. నన్ను మధ్యకు విరిచి మూస్తే స్ప్రింగు ముడుచుకుంటుంది. మీట నొక్కితే అది విచ్చుకుని గాలిని తోస్తుంది, గాలి శనగగింజలో సగమైనా లేని సీసపు గుండును తోస్తుంది. అంతే. సైకిలు పంపుకూ నాకూ మేనరికం కుదురుతుంది.

మొదట నన్ను కొన్నది పరకాల వైపు నర్సింగరావు దొర. కోతులను కొట్టడానికి కొన్నాడు. మొదటి గుండుకు సొంత ఇంటి పెంకు పగిలింది. రెండోదానికి పక్కింటి మిద్దె మీద ఎండబెట్టిన ఊరగాయ జాడీ మూత ఎగిరిపోయింది. కోతి దిగివచ్చి ఆ గుండును ఏరుకుని, వాసన చూసి, తినేది కాదని దొర వైపే విసిరింది. దొరసాని అండాళమ్మ మారుమాట లేకుండా నన్ను పాతచీరలో చుట్టి బియ్యం గుమ్మిలో దాచింది. ఏడేళ్లు బియ్యంలో ఉన్నాను. గాలిలో తేమంతా బియ్యం పీల్చుకుంది గనుక చుక్క తుప్పు పట్టలేదు. నన్ను కొన్న దొరకంటే నన్ను దాచిన దొరసానికే నేను ఎక్కువ రుణపడ్డాను. దొర పోయేముందు తన పేరు బోర్డు మీద రాస్తారంటే నన్ను హనుమకొండలోని రైఫిల్ క్లబ్బుకు దానం చేశాడు. బోర్డు రంగు వెలిసి దొర పేరు పోయింది, నేను మిగిలాను.

క్లబ్బంటే మేడలు ఊహించుకోకండి. బీడీ ఆకు గోదాము వెనక పొడుగాటి రేకుల పాక. ఒక కొసన ఐదుగురు నిలబడేంత చోటు, పది మీటర్ల అవతల గురిచూసి కొట్టే ఐదు కాగితాలు. నేర్పే మనిషి గౌస్ మియా. బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే దుకాణం ఆయనది. పొద్దున కంటికి అద్దం తగిలించుకుని వెంట్రుకంత ముళ్లతో వేగి, మధ్యాహ్నం వచ్చి తుమ్మ మొద్దుల్లాంటి చేతులతో వేగుతాడు. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకూ మొదట నన్నే ఇస్తాడు. నన్ను "నానీ" అని పిలుస్తాడు, అంటే అమ్మమ్మ.

కొత్తగా వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే, "దీంట్ల ఎన్ని గుండ్లు పడతయ్?" ఒక్కటే అని చెబితే మొహం చిన్నబోతుంది. రెండో పని, నన్ను అడ్డంగా తిప్పి సినిమాలో లాగ పట్టుకోవడం. అప్పుడు గౌస్ మియా మెల్లగా నన్ను తీసుకుని బల్ల మీద పెట్టి, "తుపాకి తర్వాత బాబూ, ముందు నిలబడుడు నేర్చుకో" అంటాడు. నిలబడడం వచ్చని అందరూ అనుకుంటారు. గోడకు ఆనుకోకుండా, నడుం వంచకుండా, ఒక చెయ్యి చాచి నిమిషంసేపు కదలకుండా నిలబడమంటే తెలుస్తుంది ఎవరికెంత వచ్చో.

ఇక అటవీ అధికారి సంగతి. క్లబ్బు ప్రెసిడెంటు రంగారావు గారు రిటైరైన రేంజరు. ప్రెసిడెంటు అయిన ఏడాది దసరాకు ఆయుధపూజ తానే చేస్తానన్నాడు. అన్నింటికీ పసుపు కుంకుమలు పెట్టి, భక్తి పొంగి, నా నోట్లో మూతెడు కొబ్బరినూనె పోశాడు. ఆ సాయంత్రమే జమ్మి పూజకు వచ్చిన పెద్దల ముందు నన్ను పైకెత్తి కాల్చాడు. స్ప్రింగు ఒక్క దెబ్బన గాలిని నొక్కితే లోపల పుట్టే వేడికి నూనె అంటుకుంటుందని ఆయనకు తెలియదు. అసలు తుపాకి కూడా సిగ్గుపడేంత చప్పుడు చేశాను. నల్లటి పొగ, అప్పాలు మాడిన వాసన. ప్రెసిడెంటు గారు బల్ల కింద దొరికాడు, ఆయన కళ్లద్దాలు పులిహోర గిన్నెలో దొరికాయి. మరుసటి ఏడు పోయకపోతే నిరుడు పోసింది తప్పని ఒప్పుకున్నట్టు అవుతుందని అప్పటినుంచి ప్రతి దసరాకూ పోస్తూనే ఉన్నాడు. ప్రతి దసరా తెల్లారీ గౌస్ మియా నన్ను విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తూనే ఉన్నాడు. ఇన్ని ఏళ్లలో నేను తాగినంత కొబ్బరినూనె మీ జడలు కూడా తాగి ఉండవు.

సమ్మక్క నా చేతిలో పడింది, అంటే నేను ఆమె చేతిలో పడింది, బస్సు డిపో ఆటల పోటీల్లో. క్లబ్బువాళ్లు అక్కడ బెలూన్లు కొట్టే పందెం పెట్టి నన్ను తీసుకెళ్లారు. డ్రైవర్లు, మెకానిక్కులు వచ్చి మీసాలు దువ్వి పోయారే తప్ప బెలూన్లు పగల్లేదు. అప్పుడే డ్యూటీ దిగిన కండక్టరు ఒకామె ఖాకీ చొక్కా, భుజాన సంచీతోనే వచ్చి నన్ను పట్టుకుంది. పదికి పది పగలగొట్టింది. మొదటి గుండు బెలూను ఎడమ అంచున తగలగానే నా ముక్కు ఎడమకు పోతుందని కనిపెట్టి అంతమేర కుడికి గురిపెట్టింది. నా గుట్టు అంత తొందరగా పట్టినవాళ్లు అంతకుముందు లేరు.

"ఎక్కడ నేర్చుకున్నవమ్మా?" అన్నాడు గౌస్ మియా.

"నేర్చుకునుడు ఏంది సార్. పన్నెండేండ్ల సంది ఉరికే బస్సుల నిలబడి టికెట్లు కొడుతున్న. గీడ నేల కదుల్తలేదు గద."

గౌస్ మియా కంటికి అద్దం లేకుండానే ఆమెను అద్దం పెట్టుకున్నట్టు చూశాడు. మరునాటినుంచి సమ్మక్క డ్యూటీ దిగాక మధ్యాహ్నం రెండింటికి పాకలోకి వచ్చేది. మేడారం జాతర రోజుల్లో పుట్టిందని ఆ పేరు పెట్టారట. మాట పెళుసు, చెయ్యి నెమ్మది. ఆరు నెలలు నాతోనే కొట్టింది. అరవై గుండ్లు కొట్టాలంటే నన్ను అరవైసార్లు విరవాలి, వడ్లు దంచినంత పని. ఒకనాడు ప్రెసిడెంటు గారు ఎందుకమ్మా ఈ వయసులో ఈ కష్టమంటే ఆమె చెప్పిన జవాబు నేను మరిచిపోలేదు.

"పొద్దుగాల లేస్తే అందర్ని ముందుకు జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి అంటుంట సార్. నా బతుకుల ఒక్క కాడ నిలబడి చేసిన పని లేదు. గిదొక్కటి చేస్త."

ఇంతలో కబురు వచ్చింది. రవాణా సంస్థ మహిళల జట్టుకు నలుగురిని ఎంపిక చేస్తారట. పోటీ మా పాకలోనే, దసరా వెళ్లిన నాలుగోనాడు. ఎవరి పిస్తోలు వాళ్లు తెచ్చుకోవాలి. ముప్పై ఎనిమిది నిండినవాళ్లు పనికిరారు. సమ్మక్కకు వచ్చే మాఘంలో ముప్పై ఎనిమిది నిండుతాయి. ఆమెకు ఇదే మొదటి పోటీ, ఇదే చివరిది. కొనగలిగేదీ ఒక్కటే పిస్తోలు. అది కుదరకపోతే ఇంకొకటి కొనే మాట లేదు.

ఇక చూడండి పెత్తనాలు. మనుషులకు పిస్తోలు పట్టుకోవడం రాకపోవచ్చు గాని, పక్కవాళ్లకు ఏ పిస్తోలు కావాలో మాత్రం అందరికీ వచ్చు. హైదరాబాదునుంచి దుకాణదారు మూడు పెట్టెలు తెచ్చి, క్యారమ్స్ బోర్డు మీద పచ్చగుడ్డ పరిచి వాటిని పెట్టాడు. అచ్చం పెళ్లిచూపులే. నేను మూల బల్ల మీద ముసలి మేనత్తలాగ కూర్చుని చూస్తున్నాను.

మొదటిది ప్రెసిడెంటు గారి సంబంధం. నల్లగా, బరువుగా, సినిమా పోలీసు నడుముకు కట్టుకునే తీరుగా ఉంది. కొట్టినప్పుడల్లా పైభాగం టకటకా వెనక్కి పోయి వస్తుంది. రెండోది సమ్మక్క పెనిమిటి కొమురయ్య తెచ్చిన సంబంధం. కొమురయ్య అదే డిపోలో డ్రైవరు. నిగనిగలాడే చెక్కపిడి, విదేశీ సరుకు, పెట్టెకే మఖమలు గుడ్డ. కొమురయ్య అప్పటికే డిపో అంతా చాటి వచ్చాడు, తన భార్య విదేశీ పిస్తోలు పట్టుకుని వస్తుందని. మూడోది ఎవరూ పిలవని చుట్టం. బూడిదరంగుది, చిన్నది, ఎవరో బళ్లో చదివే అమ్మాయి వాడి అమ్మేసింది. పిడి పక్కన చిలక బొమ్మ అంటించి ఉంది, పీకినా రాలేదు. పక్కనున్న లీవరును ఒక్కసారి లాగి మూస్తే గాలి నిండుతుంది, నాలాగ విరవనక్కర లేదు.

"ఇదేంటి, ఆడపిల్లల బొమ్మలా ఉంది. పిస్తోలంటే చూసినవాడు భయపడాలి కదా" అన్నాడు ప్రెసిడెంటు.

"కాగితం భయపడదు సార్" అన్నాడు గౌస్ మియా.

ఆయన ఏదీ మంచిదనలేదు, చెడ్డదనలేదు. అలమరలోంచి నిరుటి దసరాకు మిగిలిన కుంకుమ భరిణ తీశాడు. సమ్మక్కను అరచెయ్యి చాపమని, కుంకుమ పలచగా పూశాడు. ఒక్కొక్క పిడికీ తెల్లకాగితం చుట్టి, పట్టుకోమన్నాడు. నల్లదాని కాగితం విప్పితే వేలికొసలూ మణికట్టు కిందా మాత్రమే ఎరుపు, నడుమంతా తెల్లగా ఖాళీ. విదేశీదాని కాగితం మీద అరచెయ్యి పడింది గాని, చూపుడువేలు మీటను అందుకోవాలంటే చెయ్యంతా పక్కకు తిరగాల్సి వచ్చింది. అది మగవాళ్ల చేతికి చెక్కిన పిడి. చిలక బొమ్మదాని కాగితం మీద మాత్రం అరచెయ్యి అరచెయ్యిలాగే పడింది, బొటనవేలి కింద చిన్న గింజంత ఖాళీ తప్ప.

తర్వాత ఒక్కొక్కటే ఇచ్చి, కళ్లు మూసుకుని చెయ్యి చాచమన్నాడు. "ఇగ కండ్లు తెరువు. ఏడ చూస్తున్నది?" నల్లది నేల చూస్తోంది. విదేశీది పక్కవాడి గురిని చూస్తోంది. చిలకది తిన్నగా ఎదురుగా చూస్తోంది. ఆ పట్టునే ఉంచి అరవై లెక్కపెట్టమంటే నల్లది ఇరవైకే వాలిపోయింది.

కొమురయ్య మొహం వాడిపోయింది. "డిపోల ఏమని చెప్పాలెనే? చిలక బొమ్మ తుపాకి తెచ్చినమని చెప్పాలెనా?"

"నువ్వు బస్సు ఎక్కంగనే ఏం చేస్తవు? సీటు ముందుకు జరుపుకుంటవు. మరి పోయిన డ్రైవరు పొడుగోడు, గొప్పోడు అని వాని సీట్లనే కూసుంటవా?" అంది సమ్మక్క.

కొమురయ్య విదేశీదాని మఖమలు పెట్టె మూశాడు. చిలక కుదిరింది. నేను చూస్తుండగానే కుదిరింది. నాకు కాస్త చివుక్కుమందంటే దాచుకోవడమెందుకు, ఆరు నెలలు నా ముక్కు వంకరను తన కంటితో సరిదిద్దుకున్న పిల్ల కదా. అయినా మొదట పట్టుకున్నదాన్నే చివరిదాకా పట్టుకోవాలంటే అందరూ అక్షరాలు దిద్దిన పలకలు చంకన పెట్టుకునే తిరగాలి.

గౌస్ మియా గింజంత ఖాళీలో చెక్కపొడీ జిగురూ కలిపి పెట్టి, ఆకురాయితో మూడు వారాలు రుద్దాడు. దసరా దగ్గరపడింది. ప్రెసిడెంటు గారు కొబ్బరినూనె సీసా కొత్తది తెచ్చి కిటికీలో పెట్టగానే గౌస్ మియా చిలక పెట్టెను మూసి చంకన పెట్టుకున్నాడు. సమ్మక్కను చాటుకు పిలిచి, "అమ్మా, పండుగ అయ్యేదాకా దీన్ని ఇంటికి తీస్కపో. గీ మనిషి చేతుల పడితే చిలక బతకదు" అని పెట్టెను ఆమెకిచ్చి పంపాడు. నన్నెవరూ పంపలేదు. నేను ఎప్పటిలాగే నా మూతెడు నూనె తాగాను.

దసరా వెళ్లిన నాలుగోనాడు పాక నిండా జనం. వేరే డిపోలనుంచి పదకొండుమంది ఆడవాళ్లు వచ్చారు. గురి సరిచూసుకోవడానికి పదిహేను నిమిషాలు, ఆ తర్వాత అసలు పోటీ. సమ్మక్క పెట్టె తెరిచింది.

పిస్తోలుకు నిలువెల్లా పసుపు. గొట్టం కొసన గురి చూసే ముల్లుకు కుంకుమ బొట్టు, వెనక గాడినిండా కుంకుమ నూనెతో కలిసి గట్టిపడి ఉంది. చిలక నుదుట కూడా బొట్టు ఉంది. గొట్టం తిప్పి చూస్తే లోపలినుంచి ఒక చుక్క మెల్లగా జారి బల్ల మీద పడింది. వాసన చూడకుండానే అదేమిటో నాకు తెలిసిపోయింది.

తాడు అవతల నిలబడ్డ కొమురయ్య అప్పటికే తల దించుకున్నాడు. పండుగనాడు పొద్దున బస్సుకు పూజ చేసి ఇంటికొచ్చి, చిలకను తక్కువ చేసి మాట్లాడిన పాపం పోవాలని అదే చేత్తో దీనికీ చేశాడట.

"బస్సుకు పూజ చేస్తే డీజిల్ ట్యాంకుల గూడ పోస్తవా కొబ్బరినూనె?" అంది సమ్మక్క. గొంతు లేవలేదు, అదే భయం వేసింది నాకు.

"దానికి తాళముంటదే" అన్నాడు కొమురయ్య.

పక్క వరసలో ఎవరో నవ్వారు. సమ్మక్క ఒక గుండు కొట్టి చూసింది. అది గురిని కాదు కదా, గురి అంటించిన అట్టను కూడా తాకలేదు. రెండోది పక్కామె కాగితంలో పడింది. ఆమె పిస్తోలును బల్ల మీద పెట్టేసింది. పోటీ చూడవచ్చిన అంపైరు దగ్గరికి వచ్చి గడియారం చూసి, పిస్తోలు చెడితే క్లబ్బుది వాడుకోవచ్చు, నిబంధన ఒప్పుతుంది అన్నాడు.

క్లబ్బుది అంటే ఎవరు? నేను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నా స్ప్రింగు ఉబ్బిపోయింది. సినిమాల్లో ఇలాగే కదా జరుగుతుంది. కొత్తది మొరాయిస్తుంది, మూలనున్న ముసల్ది లేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, బోర్డు మీద మళ్లీ రంగు వేస్తారు. సమ్మక్క నావైపు చూసింది. గౌస్ మియా కూడా నావైపు చూశాడు. చూసి, "నానీ కడుపుల నూనె ఇంకా ఉన్నది. పేల్తది" అని మొహం తిప్పుకున్నాడు. ఈసారి నన్ను విప్పడానికి ఆయనకు తీరిక దొరకలేదు. నా వీరత్వం అక్కడితో సమాప్తం.

ఆయన జేబులోంచి గడియారాలు తుడిచే సన్నటి కుంచె, లైటరు పెట్రోలు సీసా తీశాడు. కంటికి అద్దం తగిలించుకున్నాడు. గాడిలో గట్టిపడ్డ కుంకుమను గడియారం ముళ్ల మధ్య దుమ్ము తీసినట్టు తీశాడు. గొట్టంలోకి గుండుకు బదులు ఉన్ని బిళ్లలు పెట్టి కొట్టమన్నాడు. మొదటి బిళ్ల పచ్చగా వచ్చింది, రెండోది ఎర్రగా, మూడోది జిడ్డుగా. పదకొండు నిమిషాలు గడిచాయి. పాకలో ఎవరూ నవ్వడం లేదు. ఏడో బిళ్ల తెల్లగా వచ్చింది.

"నాలుగు నిమిషాలున్నయి" అన్నాడు అంపైరు.

"బస్టాండుల గంతసేపే ఆపుతం" అంది సమ్మక్క, కాళ్లు ఎడం చేసి నిలబడుతూ.

అరవై గుండ్లు. మొదటి పది బాగాలేవు, ఏదో ఒకటి పైకీ కిందికీ పోతూనే ఉంది. ఇరవయ్యో గుండు దగ్గర ఆమె పిస్తోలు బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు ఊరికే నిలబడింది. గతుకుల రోడ్డు మీద బస్సు ఊగుతున్నప్పుడు పైకడ్డీ పట్టుకోకుండా నిలబడే మనిషి ఎలా ఉంటుందో అలా. తర్వాత ఇక ఆగలేదు. లీవరు లాగడం, మూయడం, చెయ్యి చాచడం, కొట్టడం. ఎవరినీ ముందుకు జరగమనలేదు. తాడు అవతల కొమురయ్య ఒక్క గుండు కూడా చూడలేదు, తన చేతులకేసి చూసుకుంటూ నిలబడ్డాడు.

నలుగురిని తీసుకున్నారు. సమ్మక్క నాలుగోది. ఐదో ఆమెకు ఒక్కటంటే ఒక్క పాయింటు తక్కువ. ప్రెసిడెంటు గారు లేచి, ఇదంతా ఆయుధపూజ మహిమ అని ప్రసంగం మొదలుపెట్టాడు. గౌస్ మియా అద్దం తీసి, తుడుచుకుని, కిటికీలోని కొబ్బరినూనె సీసాను ఇంటికి పట్టుకుపోయాడు.

ఇది జరిగి ఎనిమిది నెలలు. ఇప్పుడు నా వాషరు అరిగింది, నా ముక్కు ఇంకాస్త ఎడమకు వాలింది. మ్యూజియంలో పెట్టేంత దాన్ని కాను, తూకానికి వేసేంత బరువూ లేను. మూల బల్ల మీదే ఉన్నాను. నిన్న మధ్యాహ్నం ఒక కొత్త మనిషి నేర్చుకోవడానికి వచ్చాడు. పెద్ద చేతులు, డీజిల్ వాసన. నన్ను స్టీరింగు పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

"దీంట్ల ఎన్ని గుండ్లు పడతయ్?" అన్నాడు కొమురయ్య.

"ఒక్కటే" అంది వెనకనుంచి సమ్మక్క. వచ్చి, అతని ఎడమచేతిని నామీదనుంచి తీసి, జేబులో పెట్టింది. నా ముక్కు గాలిలో సున్నాలు చుడుతోంది.

"ముందు నిలబడుడు నేర్చుకో" అంది. "గీడ నేల కదుల్తలేదు."